ఊరికే ఇచ్చిన పొడి

సైకిల్ క్యారియర్ మీద గోనెసంచి. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి జుట్టు, కనుబొమలు, కాలరు మడత అన్నీ తెల్లగా ఉన్నాయి. సంచి దించుతుంటే లోపలి నుంచి సన్నటి దుమ్ము లేచింది.

"ఏంటది?"

"పొడి. ఫ్యాక్టరీలో ఊరికే ఇస్తున్నారు. అటక మీద పరిస్తే చలి దిగదట."

"ఇంత ఏం చేసుకుంటాం?"

"మిగిలింది పెరట్లో పోద్దాం. వానకి బురద కాదు."

ఆ ఇంట్లో అచ్చం ఈ మాటలే అనుకున్నారని నేను చెప్పను. ఈ ఇద్దరికీ పేర్లు లేవు, వీళ్ల మాటలు నా ఊహ. పేరున్న మనుషులు ముందు ముందు వస్తారు. వాళ్ల నోట మాత్రం ఒక్క మాట కూడా నేను పెట్టలేదు. సంచి ఊహ కాదు, అందులో పొడి ఊహ కాదు. ఇటలీ ఉత్తరాన, పీడ్‌మాంట్ ప్రాంతంలో, పో నది ఒడ్డున కసాలే మోన్‌ఫెరాటో అనే ఊళ్లో అలాంటి సంచులు ఏళ్ల తరబడి ఇళ్లకు చేరాయి. కంపెనీ చేసిన మేలు అనుకుని తెచ్చుకున్నారు. అటకల మీద పరిచారు, పెరటి బాటల మీద పోశారు, వాకిళ్లు చదును చేశారు. ముసలివాళ్లు బంతులాట ఆడుకునే మైదానాల్లోనూ అదే పోశారు. ఊళ్లో దాన్ని పోల్వెరీనో అనేవాళ్లు. రేకుల ఫ్యాక్టరీలోనే పైపులు కూడా తయారయ్యేవి. పైపు కొసలను లేత్ యంత్రం మీద పొడిగా చెక్కినప్పుడు రాలిన పొట్టు అది. సిమెంటు, అందులో రాతినార. మనం ఆస్బెస్టాస్ అంటామే, అది.

* * *

1901లో లుడ్‌విగ్ హాట్షెక్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఒక పేటెంటు తీసుకున్నాడు. కాగితం తయారు చేసే పద్ధతిలోనే, నీళ్లలో కలిపిన సిమెంటునీ రాతినార పీచునీ తిరిగే డ్రమ్ము మీద పలచటి పొరలుగా పట్టించి, పొర మీద పొర వేసి పలక చేశాడు. కాలదు, తుప్పు పట్టదు, పెంకుల కంటే తేలిక, చవక. పేదవాడి ఇంటి కప్పుకు ఇంతకంటే ఏం కావాలి? ఎటర్నిట్ అనే పేరుతో అది యూరప్ అంతా పాకింది. కసాలేలో సిమెంటు పరిశ్రమ అప్పటికే ఉంది. 1907లో ఎటర్నిట్ ఫ్యాక్టరీ కూడా మొదలైంది. మొత్తం ముప్ఫై అయిదు వేల జనాభా ఉన్న ఊరికి అది పెద్ద దిక్కు. మూతపడేలోగా వేల మంది అందులో పనిచేశారు. ఎటర్నిట్‌లో ఉద్యోగం అంటే పెళ్లి సంబంధానికి తిరుగులేదు.

పీచు కొంత తూరిన్ దగ్గరి బలాంజెరో గని నుంచి వచ్చేది. ఆ గనిది తెల్ల రకం. దక్షిణాఫ్రికా నుంచి వచ్చేది నీలం రకం, ఇంకా ప్రమాదకరమైంది. ఆ నీలం రాతినార తవ్వే ప్రాంతంలోనే జె.సి. వాగ్నర్ అనే వైద్యుడు, తన సహచరులతో కలిసి 33 మంది రోగుల వివరాలు 1960లో ప్రచురించాడు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పలచటి పొరకు వచ్చే అరుదైన కేన్సర్, మీసోథీలియోమా. రోగుల్లో గని కార్మికులే కాదు, గనుల చుట్టుపక్కల చిన్నప్పుడు ఆడుకుని పెద్దయిన వాళ్లూ ఉన్నారు. ఆ తేదీ గుర్తు పెట్టుకోండి. కసాలేలో పొడి పంపకం 1960తో ఆగలేదు.

ఈ పీచు చేసే పని విచిత్రంగా ఉంటుంది. పోగు ఎంత సన్నమంటే కంటికి కనబడదు, గొంతులో గరగర అనిపించదు. లోపలికి వెళ్లినది లోపలే ఉండిపోతుంది. శరీరం దాన్ని కరిగించలేదు, బయటికి తోసెయ్యలేదు. అక్కడ చేరిన రోజు ఏమీ కాదు. పదేళ్లకూ సాధారణంగా ఏమీ కాదు. ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత, ఒక్కోసారి యాభై దాటాక, మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుంది. పక్కటెముకల్లో నొప్పి. ఎక్స్‌రేలో నీరు. ఆ తర్వాత చాలామందికి మిగిలేది ఏడాది, ఏడాదిన్నర.

ఈ కథంతా ఆ ముప్ఫై నలభై ఏళ్ల గడువు చుట్టూనే తిరుగుతుంది. రోగానికి ఓపిక ఎక్కువ. కోర్టులకు అంత ఓపిక లేదు.

* * *

నికోలా పొండ్రానో 1974లో ఫ్యాక్టరీలో చేరాడు. కుర్రవాడు. తొలి రోజుల్లోనే ఒక పాత కార్మికుడు తనను చూసి, నువ్వూ చావడానికే వచ్చావా అన్నాడని పొండ్రానో ఆ తర్వాత చెప్పేవాడు. మొరటు హాస్యం అనుకుని ఉంటాడు. మన ఊళ్ల కూడళ్లలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కట్టినట్టు ఇటలీ ఊళ్లలో చావు కబురు కాగితం మీద అచ్చేసి గోడలకు అంటిస్తారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర అంటించిన కాగితాల మీద వయసులు చూడటం మొదలుపెట్టాడు పొండ్రానో. పింఛను పుచ్చుకుని మనవలతో ఆడుకోవాల్సిన వయసు కాదది. చాలామంది యాభైల్లోనే పోతున్నారు.

లోపల ఆ కుర్రవాడు, బయట కార్మిక సంఘం కార్యాలయంలో బ్రూనో పేషె. ఇద్దరూ కలిసి వృత్తి వ్యాధుల బీమా కోసం కార్మికుల తరఫున పోట్లాట మొదలుపెట్టారు. అప్పటికి వాళ్ల దృష్టి గేటు లోపలి మనుషుల మీదే ఉంది. గేటు బయట ఏం జరుగుతోందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు.

గేటు బయట ఏం జరిగిందో చెప్పాలంటే రొమానా బ్లసొట్టి గురించి చెప్పాలి. 1929లో, ఇప్పటి స్లొవేనియాలో ఉన్న ఇసోంజో నది లోయలో పుట్టింది. కసాలేకి వచ్చి మారియో పవేజిని పెళ్లాడింది. మారియో ఎటర్నిట్ కార్మికుడు. ఊళ్లో మిగతా ఆడవాళ్లలాగే ఆమె రోజూ భర్త పనిబట్టలు దులిపింది, ఉతికింది. 1983లో మారియో మీసోథీలియోమాతో పోయాడు. అది కార్మికుడి చావు. బాధ ఉన్నా, ఎందుకో తెలిసిన చావు.

ఆ తర్వాత రొమానా తోబుట్టువు లిబెరా. ఆమె ఫ్యాక్టరీలో అడుగుపెట్టింది లేదు. ఆ తర్వాత కొడుకు వరసయ్యే జోర్జో. దగ్గరి బంధువు ఆన్నా. చివరికి 2004లో కన్నకూతురు మరియా రోజా. అదే రోగం. అయిదుగురిలో ఫ్యాక్టరీలో పనిచేసింది మారియో ఒక్కడే. కూతురు చేసిందల్లా ఆ ఊళ్లో ఊపిరి పీల్చుకోవడం. కూతురు పోయాక ఇక ఏడుపు కూడా రాలేదని రొమానా తర్వాత చెప్పుకుంది.

దీన్ని ఒక కుటుంబం దురదృష్టం అని తోసెయ్యడానికి వీల్లేదు. కొర్రాదో మాన్యాని, బెనెదెత్తో తెరచీని వంటి వ్యాధివిజ్ఞాన పరిశోధకులు ఏళ్లపాటు ఇంటింటి లెక్కలు తీశారు. ఎటర్నిట్‌లో ఎప్పుడూ పనిచేయని వాళ్లలో, ఫ్యాక్టరీకి దగ్గరగా కాపురమున్న కొద్దీ ప్రమాదం పెరిగిందని తేల్చారు. మామూలుగా లక్ష మందిలో ఏడాదికి ఒకరిద్దరికి కూడా రాని రోగం, కసాలే చుట్టుపక్కల ఏటా యాభై మంది దాకా పట్టుకుంది.

* * *

1976 జూన్‌లో జర్మనీలోని నోయిస్ పట్టణంలో ఒక సమావేశం జరిగింది. కసాలే ఫ్యాక్టరీ కూడా తన కిందే ఉన్న స్విస్ ఎటర్నిట్ పగ్గాలు అప్పుడే చేతికొచ్చిన స్టెఫాన్ ష్మిడ్‌హైనీ వివిధ దేశాల మేనేజర్లను పిలిచి, రాతినార ప్రమాదం గురించి మాట్లాడించాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఈ సమావేశం గురించి ఆ తర్వాత కోర్టుల్లో రెండు కథలు వినిపించాయి. తెలిసే చేశారనడానికి ఇదే రుజువు అన్నారు ప్రాసిక్యూటర్లు. తెలిసింది గనకే దుమ్ము తగ్గించడానికి డబ్బు ఖర్చు పెట్టాడు, రాతినార లేని రేకుల వైపు ముందుగా అడుగు వేసింది అతనే అన్నారు అతని తరఫువాళ్లు. రెండో మాటలో నిజం బొత్తిగా లేదని నేను అనను. కానీ కసాలేలో ఇంటింటి తలుపూ తట్టి, మీ అటక మీది పొడి తీసెయ్యండి అని ఆ ఏడాది ఎవరూ చెప్పలేదు. మేనేజర్లకు అందిన జ్ఞానం బట్టలుతికే ఆడవాళ్లకు అందలేదు.

1986 జూన్‌లో ఇటలీ ఎటర్నిట్ దివాలా తీసింది. గేటుకు తాళం పడింది. వందల మంది వీధిన పడ్డారు. ఫ్రాన్సులోని ఎటర్నిట్ వాళ్లు వచ్చి, మళ్లీ తెరుస్తాం, రాతినారతోనే నడుపుతాం అన్నారు. పని పోయిన ఊరికి ఇది చిన్న ఆశ కాదు. కార్మిక సంఘం వద్దంది. 1987 డిసెంబర్‌లో మేయర్ రిక్కార్డో కొప్పో ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు: కసాలే పట్టణ పరిధిలో ఆస్బెస్టాస్ వాడకం నిషిద్ధం. ఇటలీ దేశం మొత్తానికి నిషేధం 1992లో వచ్చింది. అయిదేళ్ల ముందు ఒక చిన్న పట్టణం ఆ పని చేసింది, అదీ ఉద్యోగాలు పోగొట్టుకుని. ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే సంతకం అది. కోర్టు తీర్పుల కంటే కూడా.

* * *

తాళం వేసినంత మాత్రాన పీచు ఎక్కడికీ పోలేదు. ఫ్యాక్టరీ వెనక పో నది ఒడ్డున, దశాబ్దాలుగా వదిలిన మురుగు గట్టిపడి తెల్లటి తిన్నె అయింది. వేసవిలో జనం దాని మీద తువ్వాళ్లు పరుచుకుని ఎండ కాచుకునేవాళ్లు. విరిగిన రేకులూ పైపులూ ఆరుబయట కుప్పపోసి యంత్రాలతో తొక్కించి నలగ్గొట్టిన స్థలం మరొకటి. ఫ్యాక్టరీ భవనం లోపల దూలాల మీద, గోడల పగుళ్లలో దుమ్ము. వీటన్నిటికీ అడ్రసు ఉంది. వెళ్లి శుభ్రం చేయొచ్చు. చేశారు కూడా. ఒడ్డు బాగు చేశారు. ఫ్యాక్టరీ పడగొట్టి, స్థలాన్ని కాంక్రీటుతో మూసి, పైన మట్టి పోసి, 2016 సెప్టెంబర్‌లో ఎటర్‌నాట్ అనే పార్కు తెరిచారు.

అడ్రసు లేనిది ఊరికే ఇచ్చిన పొడి. దానికి బిల్లు లేదు, రసీదు లేదు, పుస్తకంలో పద్దు లేదు. ఎవరి అటక మీద ఉందో, ఎవరి పెరట్లో గడ్డి కింద ఉందో ఎవరికి తెలుసు? తెచ్చినవాడు పోయాడు. కొడుకు ఇల్లు అమ్మేశాడు. కొన్నవాడు అటక మీద పాత ట్రంకుపెట్టె జరిపితే బూడిద రంగు దుమ్ము లేస్తుంది. రేకులో సిమెంటు పీచును పట్టుకుని ఉంచుతుంది. ఈ పొడిలో పట్టుకునేదేమీ లేదు. ముట్టుకుంటే చాలు, గాల్లో ఉంటుంది.

1998లో ఇటలీ ఒక చట్టం చేసి, కసాలేతో కలిపి 48 గ్రామ పట్టణాలను జాతీయ స్థాయిలో శుద్ధి చేయాల్సిన ప్రాంతంగా ప్రకటించింది. అక్కణ్నుంచి మొదలైన పని నెమ్మదిగా సాగే పని. రేకు దించాలంటే ముందు దాని మీద పీచును అంటిపెట్టుకునే ద్రవం చల్లాలి. మరలు సుత్తితో కొట్టకుండా ఊడదీయాలి. విరగకుండా చేతికి చెయ్యి అందించి దించాలి. రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి, చీటీ అంటించి, దానికోసమే తవ్విన గోతిలో పెట్టి మూయాలి. మనుషులకు ఒకసారి వాడి పారేసే దుస్తులు, ముఖానికి ఫిల్టరు మాస్కు. అటక మీది పొడికైతే ఇల్లంతా ప్లాస్టిక్‌తో మూసి, గాలి బయటికి రాకుండా లోపలికే లాగే యంత్రం పెట్టి, సన్నటి ఫిల్టరున్న వాక్యూమ్‌తో పీల్చాలి. ఒక సైకిల్ మీద ఒక మనిషి అరగంటలో తెచ్చి పరిచిన దాన్ని తియ్యడానికి ఇంత బలగం.

ఇక్కడ కాసేపు ఇటలీ వదిలి మన ఊళ్లోకి వస్తాను. భారతదేశం 1986లో ఆస్బెస్టాస్ గనులకు కొత్త లీజులు ఆపింది, 1993లో పాతవాటి పొడిగింపు కూడా ఆపింది. తవ్వితే కార్మికుడికి ప్రమాదమని ప్రభుత్వానికి తెలుసన్నమాట. దిగుమతి మాత్రం ఆగలేదు. తెల్ల రకం పీచు ఏటా లక్షల టన్నులు, ఎక్కువ రష్యా నుంచే వస్తోంది. ఎక్కువ భాగం సిమెంటు రేకులకే పోతుంది. ఆ రేకుల కింద పుట్టి, చదువుకుని, కోళ్లఫారాలు పెట్టి, పెళ్లి చేసుకున్న తెలుగువాళ్లం లక్షల మంది ఉన్నాం. కప్పు మీద చెక్కు చెదరకుండా ఉన్న రేకును చూసి ఈ రాత్రే ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు. పగలనంతకాలం అందులోంచి పీచు వదిలేది తక్కువ. రంపంతో కోసినప్పుడు, మేకు కోసం చిల్లు పొడిచినప్పుడు, ఏళ్లు గడిచి నాచు పట్టి పైపొర రాలుతున్నప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా పగలగొట్టి పారేసినప్పుడు వదులుతుంది. తెల్ల రకం ఫరవాలేదు అనే మాట పరిశ్రమ వాళ్లది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం అన్ని రకాలనూ మనిషికి కేన్సర్ తెచ్చేవాటి జాబితాలోనే పెట్టింది. తుపాను పోయిన మర్నాడు మన కోస్తా పల్లెల్లో వీధి పొడుగునా పడే రేకు ముక్కలేమవుతాయో మనకు తెలుసు. పెద్దవి స్నానాలగదికి చాటు. చిన్నవి రోడ్డు గుంతల్లోకి. ట్రాక్టరు వాటి మీద నుంచే పోతుంది.

* * *

మళ్లీ ఇటలీకి. ఈ విపత్తుకు బాధ్యులెవరో తేల్చాలని తూరిన్‌లో ప్రాసిక్యూటర్ రఫాయెలే గ్వారినియెల్లో కట్టిన కేసు 2009 డిసెంబర్ 10న విచారణకు వచ్చింది. నిందితులు ఇద్దరు: ష్మిడ్‌హైనీ, ఎటర్నిట్‌తో సంబంధమున్న బెల్జియం బారన్ లుయీ ద కార్టియే ద మార్షియెన్. కసాలే నుంచి తూరిన్‌కు బస్సులు కట్టుకుని వెళ్లారు జనం, వాయిదా వాయిదాకూ. బాధితుల సంఘం అధ్యక్షురాలు రొమానా. అప్పటికి ఎనభై ఏళ్లు.

తీర్పు రావడానికి ముందు, 2011 డిసెంబర్‌లో, ష్మిడ్‌హైనీ తరఫు నుంచి కసాలే పురపాలక సంఘానికి ఒక ప్రతిపాదన వచ్చింది. ఒక కోటీ 83 లక్షల యూరోలు ఇస్తాం, కేసులోంచి మీ ఊరు తప్పుకోండి. డబ్బు అవసరం లేదా? ఎన్నో ఇళ్ల పైకప్పులు ఇంకా మార్చాలి, అటకలు ఇంకా ఊడవాలి. కౌన్సిల్ రాత్రి సమావేశమై సరే అని ఓటేసింది. బయట ఊరు భగ్గుమంది. దెయ్యమిచ్చే డబ్బు అన్నారు. కొన్ని వారాలకు, ప్రభుత్వం కూడా కలగజేసుకున్నాక, పురపాలక సంఘం ఆ ఒప్పందం వదులుకుని కేసులోనే ఉండిపోయింది. ఒకసారి ఊరికే వచ్చినదాన్ని తీసుకున్న ఊరు, రెండోసారి డబ్బుతో వచ్చినా వద్దనగలిగింది.

2012 ఫిబ్రవరి 13. న్యాయమూర్తి జుసెప్పే కసల్బోరే తీర్పు చదవడానికి నిలబడ్డాడు. హాలంతా నిలబడింది. ఒక్కొక్కరి పేరు, వాళ్ల కుటుంబానికి చెల్లించాల్సిన పరిహారం. చనిపోయినవాళ్లూ జబ్బుపడ్డవాళ్లూ కలిపి సుమారు మూడు వేల మంది ఉన్న కేసు అది. చదవడం గంటల తరబడి సాగింది. నిందితులిద్దరికీ పదహారేళ్ల జైలు. మరుసటి ఏడాది అప్పీలులో ష్మిడ్‌హైనీకి పద్దెనిమిదేళ్లకు పెంచారు. బారన్ ఆ తీర్పుకు కొద్ది రోజుల ముందే చనిపోయాడు.

2014 నవంబర్ 19, రోమ్. దేశపు అత్యున్నత కోర్టు. ఈసారి శిక్ష వద్దని అడిగింది నిందితుడి లాయరే కాదు, కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడ్డ ప్రాసిక్యూటర్ కూడా. చట్టానికీ న్యాయానికీ పొత్తు కుదరనప్పుడు న్యాయమూర్తి చట్టం వైపే ఉండాలన్నాడు ఆయన. కోర్టు ఒప్పుకుంది. ఆ విపత్తు 1986లో ఫ్యాక్టరీ మూతపడ్డ రోజే ముగిసింది, కేసు నడపడానికి చట్టం పెట్టిన గడువు అప్పటి నుంచి లెక్క, ఆ గడువు ఎప్పుడో దాటింది. కేసు కొట్టివేత. హాల్లో వెనక వరసల నుంచి కసాలే జనం "సిగ్గు, సిగ్గు" అని అరిచారు.

1986లో ముగిసిందట. ఆ మాట కోర్టు చెప్పేనాటికి, 1986లో పిల్లలుగా ఉన్నవాళ్లు నడివయసుకు వచ్చి ఆస్పత్రిలో తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. చట్టం తెలిసినవాళ్లు ఆ తీర్పులో తర్కం ఉందంటారు. ఉంది. ఆ తర్కం రాసినవాళ్లు రోగి ఛాతీ ఎక్స్‌రే తేదీని తర్కంలోకి తీసుకోలేదు, అంతే.

ప్రాసిక్యూటర్లు ఈసారి వేరే తలుపు తట్టారు. మొత్తం విపత్తు కాదు, ఒక్కొక్క చావునూ హత్య కేసుగా పెట్టారు. ఒక్కొక్కరి గడువు వాళ్ల చావు రోజు నుంచి. అందులో కసాలేది 392 మంది చావుల కేసు. 2023 జూన్ 7న నొవారా కోర్టు దాన్ని నేర నిర్లక్ష్యంగా మార్చి, 147 మంది విషయంలో ష్మిడ్‌హైనీ దోషి అంది, పన్నెండేళ్ల శిక్ష వేసింది. 46 మంది విషయంలో నిర్దోషి అంది. మిగిలిన 199 మంది? మళ్లీ గడువు దాటింది.

రొమానా బ్లసొట్టి 2024 సెప్టెంబర్‌లో, తొంభై అయిదేళ్ల వయసులో చనిపోయింది. 2025 ఏప్రిల్‌లో తూరిన్ అప్పీలు కోర్టు ఆ పన్నెండేళ్లను తొమ్మిదిన్నరకు తగ్గించింది. తాను దోషిని కానన్న ష్మిడ్‌హైనీ ఆ తీర్పునాటికి ఒక్క రోజు కూడా జైలుకు వెళ్లలేదు. ఆపైన మిగిలింది 2014లో కేసు కొట్టేసిన రోమ్ కోర్టే.